రోజుకు ఒక యూరో: వియన్నా ఆ ధరకు ఎలా చేరింది

(పట్టణ ప్రణాళిక విద్యార్థులు, పౌర సంఘాల సభ్యులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆస్ట్రియా రాజధాని వియన్నా నగర రవాణా గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ నగరం పేరు ఎత్తగానే చాలామంది ఒకే అంకె చెబుతారు: 365. చాలా ఏళ్ల పాటు ఏడాదికి 365 యూరోలు కట్టి పాసు తీసుకుంటే మెట్రో, ట్రాము, బస్సు, నగర పరిధిలో తిరిగే లోకల్ రైలు, ఏదైనా ఎక్కగలిగేవారు, ఎన్నిసార్లయినా ఎక్కగలిగేవారు. రోజుకు ఒక యూరో అన్నమాట. 2012 మే 1న మొదలైన ఈ పాసు గురించి దేశదేశాల్లో రాశారు. జర్మనీలో కొన్ని నగరాలు తామూ అలాంటి పాసు పెట్టి చూశాయి.

నేను చెప్పదలచుకున్నది ఇది: వియన్నా ప్రజల్ని కార్లు దింపి ట్రాముల్లోకి ఎక్కించింది ఆ ధర కాదు. అసలు పని అంతా అయ్యాక, చిట్టచివర వచ్చింది ఆ ధర.

ఇది నా అభిప్రాయం మాత్రమే అనుకోకండి. నగరంలో ప్రజలు చేసే ప్రయాణాల్లో, నడకను కూడా కలుపుకుని, దేని వాటా ఎంతో అక్కడ క్రమం తప్పకుండా సర్వే చేస్తారు. 1993లో కారు వాటా 40 శాతం, ప్రజా రవాణా వాటా 29 శాతం. 2012లో, అంటే పాసు వచ్చిన ఏడాదే, కారు 27 శాతం, ప్రజా రవాణా 39 శాతం. మరి 2019లో? కారు 27, ప్రజా రవాణా 38. ఏడేళ్లలో కదలిక దాదాపు లేదు. అదే కాలంలో వార్షిక పాసుల సంఖ్య మాత్రం ఎక్కడికో వెళ్లింది. 2011లో సుమారు 3,60,000 ఉంటే 2019 నాటికి 8,50,000 దాటింది. అప్పటికే ట్రాము ఎక్కుతున్నవారు నెలవారీ టికెట్లు, విడి టికెట్లు మానేసి పాసుకు మారారు. కొత్తగా కారు మానేసి వచ్చినవారు తక్కువ.

పాసుకు న్యాయం చేయాలంటే ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ ఏడేళ్లలో నగర జనాభా 17 లక్షల పైచిలుకు నుంచి 19 లక్షల దగ్గరికి పెరిగింది. ఇంత జనం కొత్తగా వచ్చినా కారు వాటా పెరగకుండా నిలబడిందంటే అందులో పాసు పాత్ర కొంత ఉండే ఉంటుంది. నేను కాదనను. కానీ 40 నుంచి 27కు దిగిన ఆ పెద్ద దిగుడు అంతా పాసుకు ముందే జరిగిపోయింది. దాన్ని ఎవరు దించారు, ఎలా దించారు అన్నదే ఈ రోజు మన విషయం.

వియన్నా పటం ఒకసారి ఊహించుకోండి. మధ్యలో పాత నగరం. దాని చుట్టూ ఒక వలయం. ఆ వలయానికి బయట ఇంకో వలయం. రెండూ ఒకప్పటి గోడలే. లోపలి కోటగోడను పడగొట్టమని చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1857 డిసెంబరులో ఆజ్ఞ ఇచ్చాడు. గోడ పోయిన చోట 57 మీటర్ల వెడల్పున రింగ్‌ష్ట్రాసె అనే రాజవీధి వచ్చింది, 1865 మే 1న ప్రారంభమైంది. బయటి గోడ 1704లో తూర్పు నుంచి వచ్చే దాడులకు అడ్డుగా కట్టింది. దాన్ని 1890లలో తొలగించారు. అక్కడ ఏర్పడిన రోడ్డు పేరు గ్యుర్టెల్. ఇవాళ నగరంలో అన్నిటికంటే రద్దీగా ఉండే వీధుల్లో అదొకటి.

ఆ గ్యుర్టెల్ నడి మధ్యలోనే పొడుగునా ఇటుకల కమానులు కనిపిస్తాయి. వాటి మీద రైలు వెళుతుంది. వాస్తుశిల్పి ఓటో వాగ్నర్ రూపకల్పన చేసిన ష్టాట్‌బాన్ అనే నగర రైలు అది, 1898లో మొదలైంది. మొదట్లో అది ఆవిరి బండి. దాన్ని వేసినప్పుడు సైన్యం అవసరాలకు పెద్దపీట వేశారు. పెద్ద రైల్వే లైన్లను ఒకదానితో ఒకటి కలపడం ముఖ్యం అనుకున్నారు గానీ, రోజూ పనికి పోయే మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళతాడన్నది అంతగా పట్టించుకోలేదు. అందుకే అది చాలాకాలం జనాన్ని బాగా ఆకర్షించలేకపోయింది. 1925లో నగరపాలక సంస్థ దాన్ని తీసుకుని విద్యుత్తుతో నడపడం మొదలుపెట్టాకే అది జనం బండి అయింది. ఇప్పటి మెట్రోలో యూ4, యూ6 లైన్లు చాలావరకు ఆ పాత దారుల్లోనే నడుస్తున్నాయి. వాగ్నర్ కట్టిన స్టేషన్లలో కొన్ని నేటికీ వాడుకలో ఉన్నాయి. తెల్లటి గోడలు, ఆకుపచ్చ ఇనుప కమ్ములు, చూడ ముచ్చటగా ఉంటాయి.

ట్రాముల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1865లో గుర్రపు ట్రాము, 1897లో విద్యుత్ ట్రాము. పారిస్ 1938లో, లండన్ 1952లో తమ పాత ట్రాములను పూర్తిగా ఎత్తేశాయి. వియన్నా కొన్ని లైన్లు మూసేసింది గానీ అసలు వ్యవస్థను కాపాడుకుంది. ఇప్పటికీ ప్రపంచంలోని పెద్ద ట్రాము వ్యవస్థల్లో వియన్నాది ఒకటి.

ఇక 1960ల దగ్గర కాసేపు ఆగుదాం.

అప్పటికి వియన్నా కుంచించుకుపోతున్న నగరం. 1910లో 20 లక్షలు దాటిన జనాభా 1960ల చివరికి 16 లక్షల దాకా పడిపోయింది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం పోయింది, రెండు ప్రపంచ యుద్ధాలు అయ్యాయి, తూర్పున కమ్యూనిస్టు దేశాలతో రాకపోకలు తెంచిన ఇనుప తెర దిగింది. మరోపక్క కార్లు పెరుగుతున్నాయి. ఆ కాలపు ఇంజినీర్లందరి లాగే అక్కడివారు కూడా నగరం నడిబొడ్డు దాకా మోటారు రహదారులు గీశారు. పశ్చిమం నుంచి వచ్చే రహదారిని వీన్ అనే చిన్న నది లోయ వెంట లోపలి దాకా తీసుకురావాలన్నది అందులో ఒకటి. అది జరిగి ఉంటే నాష్‌మార్క్ట్ అనే పాత కూరగాయల బజారు నేలమట్టమయ్యేది. ఆ ప్రణాళిక ఆగిపోయింది. అన్నీ ఆగలేదు. ఆగ్నేయ దిక్కున ఏ23 అనే రహదారి వచ్చింది. నేడు ఆస్ట్రియా మొత్తంలో అత్యంత రద్దీ రోడ్డు అదే. దాని మీద ఉదయం పూట కార్లు నత్తనడక నడుస్తుంటే చూడటం వియన్నాకు వచ్చే రవాణా విద్యార్థులు చేయవలసిన మొదటి పని అని నా సలహా. ట్రాములు తరవాత చూడవచ్చు.

జనాభా తగ్గుతున్న అదే రోజుల్లో, 1968 జనవరిలో, నగర మండలి మెట్రో కట్టాలని నిర్ణయించింది. జనం తగ్గుతుంటే మెట్రో ఎందుకని అడగడం సహజం, అడిగినవారు ఉన్నారు కూడా. 1969 నవంబరులో కార్ల్స్‌ప్లాట్స్ దగ్గర తవ్వకం మొదలైంది. 1978 ఫిబ్రవరి 25న యూ1 లైను మొదటి ముక్క తెరిచారు. నిర్ణయానికీ ప్రయాణానికీ మధ్య పదేళ్లు. ఎన్నికలు వచ్చాయి, పోయాయి. పని ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? డబ్బు ఆగలేదు గనక. 1970లో వియన్నా ఒక పన్ను పెట్టింది. నగరంలో ఎవరైనా ఉద్యోగిని పెట్టుకుంటే, ఒక్కో ఉద్యోగికి వారానికి 10 షిల్లింగుల (అప్పటి ఆస్ట్రియా నాణెం) చొప్పున యజమాని నగరానికి కట్టాలి. ఆ సొమ్ము మెట్రో నిర్మాణానికి. జనం దాన్ని మెట్రో పన్ను అనే పిలుస్తారు. యూరో వచ్చాక అది 72 సెంట్లు అయింది. 2012లో దాన్ని 2 యూరోలు చేశారు. లెక్క వేయండి, 52 వారాలకు 104 యూరోలు. అంటే రోజుకు ఒక యూరో కట్టి ట్రాము ఎక్కిన ఉద్యోగి వెనక, ఏడాదికి 104 యూరోలు కట్టిన యజమాని నిలబడ్డాడు. ఆ పైన మెట్రో నిర్మాణ ఖర్చులో సగం కేంద్ర ప్రభుత్వం పెట్టుకుంటుంది, సగం నగరం.

ఈ పన్నును నేను ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, 365 యూరోల పాసు గురించి రాసేవారు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. సంవత్సరానికోసారి బడ్జెట్ కేటాయింపుల కోసం చేతులు చాచే రవాణా సంస్థ ఇరవై ఏళ్ల పని తలపెట్టలేదు. వచ్చే ఏడు డబ్బు వస్తుందో రాదో తెలియని చోట సొరంగం తవ్వడానికి ఎవరూ ధైర్యం చేయరు. వియన్నాలో ఒక లైను పూర్తవుతుండగానే తరవాతి లైను మొదలైంది. తవ్వే యంత్రాలు, వాటిని నడిపే మనుషులు, నక్షాలు గీసేవారు చెదిరిపోలేదు. 1991లో యూ3 మొదటి భాగం, 2008లో యూ2 పొడిగింపు, 2017లో యూ1 దక్షిణాన ఒబర్లా దాకా. ఇలా అర్ధశతాబ్దానికి పైగా సాగుతోంది.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి చెప్పాలి. డాన్యూబ్ నది మీద రైఖ్స్‌బ్రుకె అనే పెద్ద వంతెన ఉండేది, 1937లో తెరిచింది. 1976 ఆగస్టు 1, ఆదివారం, తెల్లవారుజామున ఐదు గంటలు కావస్తుండగా ఆ వంతెన ఒక్కసారిగా నదిలో కూలిపోయింది. ఆదివారం వేకువ కాబట్టి వంతెన మీద దాదాపు ఎవరూ లేరు. ఒక కారు నడుపుతున్న వ్యక్తి చనిపోయాడు. ప్రయాణికులు లేని ఒక సిటీ బస్సు కూడా పడిపోయింది, దాని డ్రైవరు బతికి బయటపడ్డాడు. మరో రెండు, మూడు గంటలు గడిచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

కూలిన వంతెన స్థానంలో మళ్లీ ఒక రోడ్డు వేసి ఊరుకోవచ్చు. జనం తొందరపెడుతున్నారు, నదికి అవతల ఉన్న ప్రాంతాలకు అదే ముఖ్యమైన దారి. అయినా కొత్త వంతెనను రెండంతస్తులుగా ఆలోచించారు. పైన కార్లు. కింద, వంతెన పొట్టలో, మెట్రో పట్టాలు. ఆ పట్టాలకు ఇరువైపులా నడిచేవారికీ సైకిళ్లకూ దారులు. 1980 నవంబరులో వంతెన తెరిచారు. యూ1 రైలు 1982 సెప్టెంబరులో దాని లోపలి నుంచి అవతలి ఒడ్డుకు చేరింది. మీరు ఎప్పుడైనా అక్కడికి వెళితే డోనౌఇన్సెల్ స్టేషనులో దిగండి. ఆ స్టేషను వంతెనలోనే ఉంటుంది. ప్లాట్‌ఫారం చివర నిలబడితే కాళ్ల కింద నీళ్లు, తల మీద కార్ల రొద. ఐక్యరాజ్యసమితి కార్యాలయాలకు వెళ్లే ఉద్యోగులు తరవాతి స్టేషనులో దిగుతారు. మన దేశం నుంచి వెళ్లి అక్కడ పనిచేసేవారు రోజూ తిరిగే దారి ఇది.

సరే, మెట్రో వచ్చింది. మెట్రో ఉన్నంత మాత్రాన కార్లు తగ్గుతాయా? తగ్గవు. 1993లో కూడా కారు వాటా 40 శాతం అని మొదట్లోనే చెప్పాను. అప్పటికి మెట్రో మొదలై పదిహేనేళ్లు.

వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెర్మన్ క్నోఫ్లాఖర్ రవాణా ఆచార్యుడిగా పనిచేశారు. 1975లో ఆయన ఒక చట్రం తయారుచేశారు. నాలుగు కర్రలు, ఒక కారు ఎంత స్థలం ఆక్రమిస్తుందో సరిగ్గా అంత కొలత. మధ్యలో మనిషి నిలబడి, పట్టీలతో భుజాలకు తగిలించుకుని వీధిలో నడుస్తాడు. అంతే. కారులో ఉండేది చాలాసార్లు ఒక్కడే మనిషి, కాని ఆ ఒక్కడు ఎంత వీధిని మింగేస్తున్నాడో చూసేవారికి అర్థమవుతుంది. ఆ చట్రం మోస్తూ పదిమంది విద్యార్థులు నడిస్తే వీధి నిండిపోతుంది. ఇంతకంటే సూటిగా రోడ్డు స్థలం గురించి ఎవరైనా చెప్పారా అంటే నాకు తెలిసి లేదు.

క్నోఫ్లాఖర్ వాదన ముఖ్యంగా పార్కింగు గురించి. కారు ఇంటి గుమ్మంలోనే ఉండి, ట్రాము స్టాపు ఐదు నిమిషాల నడకలో ఉంటే మనిషి ఎప్పుడూ కారే ఎక్కుతాడు. టికెట్ ఎంత చవకైనా సరే. కారు దగ్గరికీ స్టాపు దగ్గరికీ నడవవలసిన దూరం సమానం కావాలి, అప్పుడే మనిషి నిజంగా ఎంచుకుంటాడు అంటారాయన.

వియన్నా 23 డిస్ట్రిక్టులుగా ఉంటుంది. మన నగరాల్లో సర్కిళ్ల లాంటివి, కాకపోతే ప్రతిదానికీ ఎన్నికైన మండలి ఉంటుంది. 1993లో పాత నగరమైన మొదటి డిస్ట్రిక్టులో ఒక పద్ధతి పెట్టారు. అక్కడ నివాసం ఉన్నవారికి మాత్రమే పార్కింగు అనుమతి పత్రం ఇస్తారు. బయటివారు డబ్బు కట్టి కొద్దిసేపు మాత్రమే నిలపవచ్చు. అప్పటిదాకా బయటి డిస్ట్రిక్టుల నుంచీ, చుట్టూ ఉన్న దిగువ ఆస్ట్రియా రాష్ట్రం నుంచీ పొద్దున్నే కారులో వచ్చి, ఆఫీసు పక్కనే ఉచితంగా పెట్టి, సాయంత్రం తీసుకువెళ్లేవారు. ఆ వీలు పోయింది. వారేం చేశారు? పక్క డిస్ట్రిక్టులో పెట్టి, అక్కడి నుంచి ట్రాము ఎక్కారు. దాంతో పక్క డిస్ట్రిక్టు వాసులకు తమ ఇంటి ముందు చోటు దొరకలేదు. వారు తమకూ ఆ పద్ధతి కావాలన్నారు. 1995లో ఆరు నుంచి తొమ్మిది దాకా ఉన్న డిస్ట్రిక్టుల్లో పెట్టారు. బెడద ఇంకా బయటికి జరిగింది. 2012లో గ్యుర్టెల్ దాటింది. ఇలా ఒక డిస్ట్రిక్టును చూసి మరొకటి అడుగుతూ, తిడుతూ, ఓట్లు వేసుకుంటూ చివరికి 2022 మార్చి 1న నగరమంతటా వచ్చేసింది. ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 నుంచి రాత్రి 10 వరకు, అనుమతి పత్రం లేని బండి ఏ వీధిలోనైనా గరిష్ఠంగా రెండు గంటలే ఆగాలి, అదీ డబ్బు కట్టి.

2022లో నగరమంతటా వచ్చినప్పుడు నివాసులు కట్టింది నెలకు 10 యూరోలు. అది చాలా తక్కువని నా అభిప్రాయం. అప్పట్లో సొంత కారు వీధిలో పెట్టుకునేవాడు ఏడాదికి 120 యూరోలు కట్టి, ట్రాము ఎక్కేవాడు 365 కట్టడం ఎక్కడి న్యాయం? ఈ విషయంలో వియన్నా ఇంకా జంకుతూనే ఉంది. అయినా 1993 నుంచి 2012 మధ్య కారు వాటా అంతగా పడిపోవడానికి పెద్ద కారణాల్లో ఈ పార్కింగు పద్ధతి ఒకటని నేను గట్టిగా నమ్ముతున్నాను. డబ్బు కంటే ఆ రెండు గంటల పరిమితి ఎక్కువ పని చేసింది. ఎనిమిది గంటల ఉద్యోగానికి వచ్చే మనిషి రెండు గంటలకోసారి కారు మార్చలేడు కదా.

పటాల మీద గీతలు చూసి వచ్చేసేవారికి కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. అది ట్రాము నేల ఎత్తు. 1990ల రెండో సగం నుంచి వియన్నాలో ఒక కొత్త రకం ట్రాము వచ్చింది. దాని గుమ్మం దగ్గర నేల రోడ్డు నుంచి 20 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తులో ఉంటుంది. మన ఇంటి గడప ఎక్కినంత సులువు. పాత బండ్లకు నిటారు మెట్లు ఉండేవి. చాలాచోట్ల స్టాపు దగ్గర కాలిబాటనే ట్రాము దాకా ముందుకు జరిపారు. అక్కడ గుమ్మానికీ కాలిబాటకూ ఎత్తులో తేడా దాదాపు ఉండదు. నేను గ్యుర్టెల్ లోపలి వైపు ఒక స్టాపులో కూర్చుని గమనించాను. ఎనభై దాటిన ఒకావిడ చక్రాల ఊతబండి తోసుకుంటూ వచ్చింది. ట్రాము ఆగింది, తలుపు తెరుచుకుంది, ఆవిడ ఊతబండి ముందు చక్రాలు లోపలికి దొర్లాయి, వెనకే ఆవిడ. ఎవరూ చెయ్యి అందించలేదు, ఎవరూ విసుక్కోలేదు. డ్రైవరు దిగి రావలసిన పనే పడలేదు. ఆవిడ వెనక తోపుడు బండిలో పసిపాపతో ఒక నాన్న ఎక్కాడు. తలుపు మూసుకుంది. ఇదంతా పది, పదిహేను సెకన్లలో అయిపోయింది. ఆ ట్రాము వేగం సగటున గంటకు 15 కిలోమీటర్లే. అయినా ఆవిడ వయసు మనిషి ఒంటరిగా బయటికి రాగలుగుతోంది. ప్రజా రవాణా నాణ్యతను కిలోమీటర్లలో కొలిచే అలవాటు మనకు పోవాలి.

ఈ ఆలోచన వెనక ఎవా కైల్ అనే ప్రణాళికావేత్త ఉన్నారు. 1991లో ఆమె, ఒక సహచరి కలిసి నగరంలో ఆడవారి రోజువారీ జీవితం మీద ఒక ఫొటో ప్రదర్శన పెట్టారు. వీధి ఎవరిది అన్నది అందులోని ప్రశ్న. కారు ప్రయాణాలు ఎక్కువగా మగవారివి. నడక, ట్రాము ఎక్కువగా ఆడవారివి. కాని రోడ్డు డబ్బంతా కారుకే పోతోంది. మరుసటి ఏడాది నగరం మహిళా కార్యాలయం తెరిచి ఆమెను దానికి మొదటి అధిపతిని చేసింది. తరవాత మరియాహిల్ఫ్ డిస్ట్రిక్టును ప్రయోగంగా తీసుకుని ఒక కిలోమీటరుకు పైగా కాలిబాటలు వెడల్పు చేశారు, వీధి దాటే చోట్లు సరిచేశారు, చీకటి మూలల్లో దీపాలు పెట్టారు. స్టాపు దాకా భయం లేకుండా నడవగలిగితేనే కదా ట్రాము ఎక్కేది.

ఇప్పుడు 2012కు రండి. సోషల్ డెమొక్రాట్లు, గ్రీన్స్ అనే రెండు పార్టీలవారు కలిసి నగరాన్ని పాలిస్తున్నారు. మేయర్ మిఖాయెల్ హొయిప్ల్, ఉప మేయర్ మరియా వసిలాకూ. పాసు ధర 449 నుంచి 365కు దించారు. అందరూ చెప్పుకునేది ఇదొక్కటే. కొద్ది నెలల తేడాతో ఇంకేం చేశారో వినండి. వీధి పార్కింగు రుసుము గంటకు యూరో 20 సెంట్ల నుంచి 2 యూరోలకు పెంచారు. విడి టికెట్ యూరో 80 సెంట్ల నుంచి 2 యూరోలు చేశారు. టికెట్ లేకుండా దొరికితే జరిమానా 70 నుంచి 100 యూరోలు. యజమానుల పన్ను దాదాపు మూడింతలు. ఒక్క ధర తగ్గింది, నాలుగు పెరిగాయి. ఆ నాలుగూ లేకుండా ఆ ఒక్కటి నిలిచేది కాదు.

ఇంకొక ఉదాహరణ, నాకు చాలా ఇష్టమైనది. నగరానికి తూర్పున అస్పెర్న్ అనే చోట ఒక పాత విమానాశ్రయం ఉండేది. 1977లో మూతపడింది. ఆ 240 హెక్టార్ల నేల మీద, నడుమ ఒక చెరువు తవ్వి, జేష్టాట్ అనే కొత్త పేట కడుతున్నారు. ఇరవై వేలమందికి పైగా నివాసం ఉండేలా ఆలోచించారు. అక్కడికి యూ2 మెట్రో 2013 అక్టోబరు 5న చేరింది. మొదటి నివాసులు ఎప్పుడు వచ్చారు? 2014లో. ఏడాది పాటు రైళ్లు మట్టి దిబ్బలు, క్రేన్ల మధ్యకు వెళ్లి వచ్చాయి. ఖాళీ రైళ్లు నడుపుతున్నారని ఆక్షేపించిన వారున్నారు. కాని సామాను దించుకున్న మొదటి రోజే ఆ కుటుంబాలకు మెట్రో సిద్ధంగా ఉంది. ఇల్లు మారిన కొత్తలోనే మనిషి కారు కొనాలా వద్దా అని తేల్చుకుంటాడు. ఒకసారి కొన్నాక పదేళ్లు వాడతాడు. మెట్రో రెండేళ్లు ఆలస్యమైనా ఆ నిర్ణయం జారిపోతుంది. పైగా అక్కడ ప్రతి ఇంటి కిందా పార్కింగు ఇవ్వలేదు. నాలుగైదు భవనాలకు కలిపి ఉమ్మడి గ్యారేజీలు పెట్టారు, కారు దగ్గరికి కూడా నడిచి వెళ్లాలి. క్నోఫ్లాఖర్ చెప్పిన సమాన దూరం ఇక్కడ కార్యరూపం దాల్చింది.

అదే జేష్టాట్ విషయంలో అదే నగరం నాలుగు లైన్ల రోడ్డు కోసం కూడా పట్టుబట్టింది. ష్టాట్‌ష్ట్రాసె అనే ఆ రోడ్డు లేనిదే పేటలోని తరవాతి భాగాలకు అనుమతులు రావని వాదించింది. 2021లో యువకులు పని జరిగే చోటును ఆక్రమించి నెలల తరబడి గుడారాల్లో ఉన్నారు. దానికి తోడు లోబావ్ అనే తడి అడవుల కింద, జాతీయ ఉద్యానం అడుగున, 8 కిలోమీటర్లకు పైగా సొరంగ రహదారి ప్రతిపాదన ఉంది. అప్పటి రవాణా మంత్రి లెయోనోరె గెవెస్లర్ 2021 డిసెంబరులో దాన్ని ఆపేశారు. తరవాత వచ్చిన ప్రభుత్వం 2025లో మళ్లీ కడతామంది. వియన్నా మేయర్ కూడా సొరంగం పక్షమే. ఎందరికో ఆదర్శమైన నగరం ఇలా చేయడం నన్ను బాధిస్తుంది. ఏ23 మీది రద్దీ తగ్గించడానికే ఈ రోడ్డు అంటున్నారు. కొత్త రోడ్డు కొత్త కార్లను పిలుస్తుందని ఏ23 స్వయంగా యాభై ఏళ్లుగా చూపిస్తూనే ఉంది.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలు ఉంటే అడగండి.

సభికుల ప్రశ్న: అక్కడి మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవని విన్నాం. జనం టికెట్ లేకుండా ఎక్కరా?

జవాబు: గేట్లు లేని మాట నిజమే. నేరుగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిపోవచ్చు. కొందరు టికెట్ లేకుండా ఎక్కుతారు, తనిఖీ సిబ్బందికి దొరికితే జరిమానా కడతారు. కాని ఆలోచించండి, 2019 లెక్కలోనే 19 లక్షల జనాభాలో ఎనిమిదిన్నర లక్షల మంది దగ్గర వార్షిక పాసు ఉన్నప్పుడు, గేటు ఎవర్ని ఆపుతుంది? అప్పటికే డబ్బు కట్టినవారిని. గేట్లు కొని, వాటిని బాగుచేయించుకుంటూ, రద్దీ వేళ క్యూలు పెట్టడం కంటే తనిఖీలు చవక.

ప్రశ్న: మన దగ్గర తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. మీ వాదన ప్రకారం అది తప్పా?

జవాబు: కాదు, ఎంతమాత్రం కాదు. రెండూ వేరు. వియన్నా పాసు గురించి నేను వేసిన ప్రశ్న, అది కారు ఎక్కేవారిని దింపిందా అన్నది. ఉచిత బస్సు ఎక్కే మహిళల్లో చాలామందికి కారు ఎప్పుడూ లేదు. డబ్బులేక ఇంట్లో ఆగిపోయిన ప్రయాణం ఇప్పుడు సాగుతోంది. అది గొప్ప మేలు, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఎక్కేవారు పెరిగినప్పుడు బస్సులూ పెరగాలి, అందుకు ఏటా నికరంగా డబ్బు వచ్చే మార్గం చూడాలి. వియన్నా నుంచి తీసుకోవలసింది ఏదైనా ఉంటే 365 అనే అంకె కాదు, 1970 నాటి ఆ పన్ను.

ప్రశ్న: ఆ 365 ధర ఇప్పటికీ ఉందా?

జవాబు: లేదు. పదమూడేళ్లకు పైగా మార్చకుండా ఉంచి, 2026 జనవరి నుంచి పెంచారు. ఇప్పుడు 460 యూరోలు దాటింది. చాలామంది బాధపడ్డారు, నగర ఖజానా ఇబ్బందుల్లో ఉంది. జనం మళ్లీ కార్లకు పోతారని నేను అనుకోను. వీధిలో రెండు గంటల పరిమితి అలాగే ఉంది, ట్రాము ఎప్పటిలాగే కొద్ది నిమిషాలకొకటి వస్తోంది.

ప్రశ్న: పార్కింగు మీద ఆంక్షలు పెడితే దుకాణదారులు ఒప్పుకుంటారా? మా వీధిలో అయితే గొడవే.

జవాబు: అక్కడా గొడవే అయింది. మరియాహిల్ఫర్ ష్ట్రాసె అని వియన్నాలో అతి పెద్ద బజారు వీధి ఉంది. 2013లో అందులో కార్లు ఆపి నడకదారి చేయబోతే వ్యాపారులు, పత్రికలు, ప్రతిపక్షాలు అందరూ లేచారు. 13ఏ అనే బస్సును జనం నడిచే దారి గుండా నడపబోతే డ్రైవర్లే వద్దన్నారు, చివరికి దాన్ని దారి మళ్లించవలసి వచ్చింది. 2014లో ఆ చుట్టుపక్కల నివాసుల అభిప్రాయం అడిగితే 53.2 శాతం మంది నడకదారికే ఓటేశారు. బొటాబొటి గెలుపు. 2015 ఆగస్టుకు పని పూర్తయింది. ఇప్పుడు శనివారం సాయంత్రం ఆ వీధిలో నడవడానికి సందు దొరకదు. మీ వీధి దుకాణదారులతో మాట్లాడేటప్పుడు ముందుగా ఒక పని చేయండి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా దుకాణాల ముందు ఆగి ఉన్న బండ్లు ఎవరివో రాసుకోండి. వాటిలో ఎన్ని కొనుగోలుదారులవి, ఎన్ని దుకాణంలో పనిచేసేవారివి, యజమానులవి అని. ఆ కాగితం వారి ముందు పెట్టి, అప్పుడు రెండు గంటల పరిమితి గురించి అడగండి.